మందు మానెయ్ అన్నాను

2016, జూన్ 28

వాన. భన్‌పురి యార్డంతా బురద. లారీలు కదలవు, మా చేతులు మాత్రం ఆగకూడదు. సేఠ్ షెడ్డు కింద కుర్చీలో కూర్చుని — జల్దీ, జల్దీ. ఆ కుర్చీ కాళ్ళు కూడా ఒకరోజు ఈ బురదలో దిగబడాలి. చూడాలి నేను.

ఇంటికొచ్చేసరికి నాన్న చొక్కా ఎత్తి నడుం గోక్కుంటున్నాడు. ఎర్రగా, గుండ్రంగా, అంచుల్లో పొట్టు లేచి. రోజంతా మిల్లులో క్రేన్ క్యాబిన్‌లో కూర్చుంటాడు — కింద ఎర్రగా కాలే ఇనుము, బెల్టు కింద చెమట. రాక ఏం చేస్తుంది.

"దాద్ అయిపోనాది" అన్నాడు.

దాద్ కాదు నాన్నా, తెలుగులో తామర అనాలి అన్నాను.

"తామరంటే పువ్వు కాదేటి?"

రెండిటికీ అదే మాట.

"అయితే నడుం మీద పువ్వులు పూసినాయన్నమాట. మీ అమ్మకి సెప్పు, పూజకి కోసుకుంటాది."

అమ్మ గరిట విసిరింది. తగల్లేదు. తగిలేట్టు ఏనాడూ విసరదు.

జూలై 3

మెడికల్ షాపు వాడు గోలీలు ఇచ్చాడట నాన్నకి. కీటోకొనజోల్. రోజ్ ఏక్, ఖానే కే బాద్ — రోజుకొకటి, తిన్నాక. డాక్టరు చీటీ అడగలేదు వాడు. అడగలేదేమని నేనూ అనలేదు.

డబ్బాలో కాగితం ఉంది, చీమతలకాయంత ఇంగ్లీషు. డిక్షనరీ పెట్టుకుని కూర్చున్నాను. ఫంగస్ తన చుట్టూ గోడ కట్టుకోకుండా ఆపుతుందట. మేస్త్రీని పనిలోంచి తీసేస్తే గోడ లేవదు — అంతే కదా. అమ్మకి చెప్పాను. "ఇంత సదివేసి లారీలెందుకెత్తుతున్నావురా" అంది.

కాగితం వెనకవైపు చదవలేదు. నిద్రొచ్చింది.

జూలై 19

మళ్ళీ గొడవ. గోలీ అనొద్దన్నాను. ఈ హిందీ ఊళ్ళో పెరిగి, హిందీ బడిలో చదివి, పద్దెనిమిదేళ్ళొచ్చాక క్యాలెండర్ల వెనక చూసి చూసి ఒక్కో అక్షరం నేర్చుకున్నాను తెలుగు. ఈ డైరీ తెలుగులో రాయాలనే నేర్చుకున్నాను. వీళ్ళేమో — గోలీ, దవాయి, బుఖార్. మందు అనండి, జ్వరం అనండి. పోయేదేముంది?

అమ్మ — "గోలీ అంటే గొంతు దిగదేటి?"

నాన్న — "అనీ బాబూ. మాస్టారు కొడతారు మనల్ని."

ఆగస్టు 16

తామర తగ్గింది. గోలీలు ఆపాడు. పది రోజుల్లో మళ్ళీ వచ్చింది, ఈసారి తొడ మీద కూడా. మళ్ళీ అవే గోలీలు. షాపువాడు — జబ్ తక్ జాయే నహీ, ఖాతే రహో. పోయేదాకా తింటూ ఉండు. అదీ ఒక వైద్యమే.

సెప్టెంబర్ 8

నాన్న జోకులు వెయ్యడం లేదు. ఎప్పట్నుంచో గుర్తు రావడం లేదు. షిఫ్ట్ నుంచి వస్తాడు, తింటాడు, పడుకుంటాడు. గొంతు బొంగురు పోయింది. జలుబంటాడు. జలుబు ఇన్నాళ్ళుంటుందా?

సెప్టెంబర్ 27

ప్యాంటు పట్టడం లేదు. తిండి చూస్తే సగమే. మొహం ఉబ్బింది.

అమ్మ నన్ను పక్కకి పిలిచింది. ఏదో అడగబోయి మానేసింది. ఏం అడగబోయిందో నాకు తెలుసు. నేనూ అదే అడగబోయి మానేశాను.

అక్టోబర్ 10

సాహూ మా యార్డుకి వచ్చాడు, సరుకు దించుకోవడానికి. మిల్లులో నాన్న క్రేన్ కింద నిలబడి చేత్తో సైగలిచ్చేది వీడే. బీడీ అడిగాడు, ఇచ్చాను. అప్పుడు మెల్లగా —

"తోర్ దదా హ ఫేర్ పియే ల ధర్ లిస్ కా?"

మీ నాన్న మళ్ళీ తాగడం మొదలెట్టాడా అని.

కాలర్ పట్టుకున్నాను. నలుగురు విడదీశారు. వాడు తిరిగి చెయ్యెత్తలేదు, అది ఇంకా మండింది. దూరం నుంచి అరిచాడు — నాన్న క్యాబిన్‌లో స్వెటర్ వేసుకుని కూర్చుంటున్నాడట. కొలిమి నెత్తి మీద. స్వెటర్! ఆ వేడికి మేమంతా బనీన్ కూడా విప్పేస్తాం, కాకా స్వెటర్ కింద ఏం దాస్తున్నాడు, నువ్వే చెప్పు — అని.

ఇంటికొచ్చి చూశాను. నిజమే. మేకుకి వేలాడుతోంది స్వెటర్, చెమట మరకల్లేకుండా.

అక్టోబర్ 13

నాన్నని చర్మం డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను. రానంటే రానన్నాడు. దాద్‌కి డాక్టరేంట్రా, నవ్వుతారు అని.

ఆవిడ తామర చూడనేలేదు ముందు. మొహం చూసింది. చెయ్యి పట్టుకుని చలేస్తుందా అని అడిగింది. గొంతు ఎప్పట్నుంచి ఇలా. మలబద్ధకం ఉందా. నాన్న ఒక్కొక్క జవాబూ ఎక్కడ్నుంచో మోసుకొస్తున్నట్టు చెప్పాడు. గోలీల రేకు చూపించాను. ఎన్నాళ్ళుగా? చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది.

రక్తం తీయించింది. థైరాయిడ్‌కి, లివర్‌కి.

అక్టోబర్ 16

రిపోర్టు. నేనొక్కణ్ణే వెళ్ళాను. లివర్ బాగానే ఉంది. థైరాయిడ్ బాగాలేదు.

డాక్టరమ్మ చెప్పింది, నేను మళ్ళీ మళ్ళీ అడిగాను, విసుక్కోకుండా మళ్ళీ చెప్పింది. ఫంగస్ లోపల పనిని ఆపే గోలీ కొందరిలో మన లోపల పనిని కూడా ఆపుతుందట. గొంతు దగ్గర సీతాకోకచిలుక లాంటి గ్రంథి ఒకటుంది, ఒళ్ళంతటికీ వేగం దానిదే. అది మందగిస్తే మనిషి మందగిస్తాడు — చలి, నిద్ర, వాపు, బొంగురు. అందరికీ కాదు, అరుదే అంది. మీ నాన్నకి వయసుతో తనంతట తనే వచ్చి ఉండొచ్చు కూడా. గోలీ ఆపి చూస్తే తప్ప తెలీదు. ఈ గోలీ రేపట్నుంచి బంద్. పైపూత ఒక్కటే. నెల తర్వాత మళ్ళీ రక్తం.

"శరాబ్ తో నహీ పీతే?" తాగరు కదా అని.

మానేసి ఐదేళ్ళయింది అన్నాను. కళ్ళలోకి చూసి చెప్పలేకపోయాను.

యార్డుకి టైమైపోయింది. సైకిల్ దిగకుండానే గుమ్మం దగ్గర ఆగాను. పక్కింటి తెలుగాయన స్కూటర్ తుడుచుకుంటున్నాడు. నాన్న మొహం కడుక్కుంటున్నాడు. ట్యూబు చేతికిచ్చి చెప్పేశాను — నాన్నా, డాక్టరమ్మ మందు మానేయమంది. రేపట్నుంచే. ఒక్క పూట కూడా ముట్టుకోకు.

తువ్వాలు భుజానేసుకుని లోపలికెళ్ళిపోయాడు. సరే అనచ్చు కదా. ఆ ఒక్క మాటకీ కరువే.

అక్టోబర్ 19

నాన్న నాతో మాట్లాడటం లేదు. ఎందుకో చెప్పడు. నేనూ అడగను. డాక్టరుకి ఖర్చు పెట్టిందీ నేనే, దూరమయ్యేదీ నేనే.

నవంబర్ 1

దీపావళి అయిపోయింది. నాన్న చిచ్చుబుడ్డి కూడా ముట్టించలేదు. చలి అన్నాడు. రెండు దుప్పట్లు.

గోలీలు ఆపి రెండు వారాలు దాటింది. తగ్గాలి కదా ఈపాటికి? తగ్గడం లేదంటే... రాయను.

నవంబర్ 11

మిల్లులో క్రేన్ ఆగలేదు. సాహూ ఆపు అని చెయ్యెత్తాడు, నాన్న చెయ్యి క్రేన్ హ్యాండిల్ మీదికి ఆలస్యంగా వెళ్ళింది. ఇనుప చువ్వల కట్ట గాల్లో ఊగి స్తంభానికి కొట్టుకుంది. ఎవరికీ ఏం కాలేదు. కాకపోవడం అదృష్టం, అంతే.

సూపర్‌వైజర్ కిందికి దిగమన్నాడట. స్వెటర్ విప్పించి జేబులు తడిమాడట. నాన్న రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాడట, అందరి ముందు. సీసా దొరకలేదు. అయినా క్యాబిన్ ఎక్కనివ్వలేదు. రేపట్నుంచి కింద ఇనుప పొట్టు ఊడవాలి. డాక్టరు రిపోర్టు బాగుంటేనే మళ్ళీ పైకి.

ఇవన్నీ నాన్న చెప్పలేదు. సాహూ చెప్పాడు.

నవంబర్ 12

రాయాలి.

యార్డు నుంచి వచ్చేసరికి నాన్న మంచం మీదున్నాడు. మొహం ఉబ్బి, కళ్ళు సగం మూసుకుపోయి. ఏదో అడిగితే ముద్దముద్దగా జవాబు. ఐదేళ్ళ కిందట ఎలా ఉండేవాడో అలాగే. అదే మొహం. అదే మాట. నాకూ అదే భయం, అదే కోపం, నా పన్నెండో ఏటిది కూడా కలిపి.

ఊదు అన్నాను.

అమ్మ చేతిలో గిన్నె ఆగిపోయింది.

నా మొహంలోకి చూశాడు. లేచి కూర్చోవడానికే చాలాసేపు పట్టింది. నోరు తెరిచి ఊదాడు. పిల్లాడు డాక్టరు ముందు తెరిచినట్టు.

టీ వాసన. ఇంకేం లేదు.

"ఇంకోపాలి ఊదమంటావా?" అన్నాడు, ఆ బొంగురు గొంతుతో.

కొన్ని తాగినా వాసన రాదని యార్డులో ఎవడో అన్నాడు. ఆ మాట పట్టుకునే పడుకున్నాను. నేను. వాసన లేదని ముక్కుతో తెలిసి కూడా.

నవంబర్ 18

రెండో రిపోర్టు. అంకె ఇంకా పెరిగింది — గ్రంథి మందగించేకొద్దీ అది పెరుగుతుందట. బాగా పెరిగింది.

డాక్టరమ్మ — గోలీ ఆపారు కదా? ఆపారు అన్నాను. గట్టిగా అన్నాను. అయితే గోలీది తప్పు కాదు, ఇది ఆయన సొంత జబ్బు అంది. థైరాయిడ్ మాత్ర రాసింది. పొద్దున్నే పరగడుపున. జీవితాంతం కావచ్చు.

అంటే తాగడం లేదు. ఇన్నాళ్ళూ జబ్బే. ఊదు అన్నాను నేను.

నవంబర్ 20

పొద్దున.

నాన్నకి కొత్త మాత్ర నేనే ఇచ్చాను, నీళ్ళతో. నోరు తెరిచి తీసుకున్నాడు. కాసేపాగి రొట్టె తిన్నాడు. తిన్నాక చొక్కా జేబులోంచి రేకు తీశాడు. ఒకటి నొక్కి నోట్లో వేసుకున్నాడు.

అదేంటి అన్నాను.

"తామర గోలీ" అంది అమ్మ. తామర అంది. నేను నేర్పిన మాట.

మానేయమన్నాను కదా!

"ఎప్పుడు సెప్పినావు?" అన్నాడు నాన్న.

రిపోర్టు తెచ్చిన రోజు! ఇదే గుమ్మంలో! డాక్టరమ్మ మందు మానేయమంది అని చెప్పలేదూ?

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. నాన్న రేకు మంచం మీద పెట్టాడు.

"నువ్వు సెప్పింది మందు" అన్నాడు.

మందే కదా అది!

"ఇది గోలీరా. మందంటే —" బొటనవేలు పెదాల దగ్గర పెట్టి తల వెనక్కి వాల్చాడు. సీసా ఎత్తినట్టు.

బయట స్కూటర్ స్టార్టవబోయింది. అవలేదు. మళ్ళీ తన్నాడు పక్కింటాయన.

అమ్మ అంది — "మా ఊర్లో మందంటే రెండూనురా. ఈ ఇంట్లో ఒకటే కదా. నువ్వు పుట్టకముందు నుంచీ ఆ ఒకటే."

అదే రోజు, యార్డు నుంచి వచ్చాక

సేఠ్ పిలిస్తే వినపడలేదు నాకు. మూట కాలి మీద పడేసుకున్నాను. బాగైంది.

ఎన్ని మాటలున్నాయి. గోలీ. బిళ్ళ. మాత్ర. టాబ్లెట్. ఆ రోజు ఏ ఒక్కటి నోటికొచ్చినా సరిపోయేది. ఈ డైరీలో నేనే గోలీ అని రాస్తున్నాను, ముందు పేజీల నిండా. చేతికి వచ్చిన మాట నోటికి రాలేదు. నోటితో మాత్రం మాస్టారిని.

తామరంటే పువ్వూ అదే, పుండూ అదే. ఆ రోజు నవ్వుకున్నాం. మందు దగ్గర నవ్వు రావడం లేదు.

పక్కింటాయన ముందు. సైకిల్ దిగకుండా. ఒక్క పూట కూడా ముట్టుకోకు అని. ఐదేళ్ళుగా ముట్టని మనిషితో.

నవంబర్ 21

అడిగాను. నాన్నా, ఎందుకు తిరగబడలేదు, తాగటం లేదని ఎందుకు అరవలేదు, నన్నొక చెంపదెబ్బ ఎందుకు కొట్టలేదు అని.

దుప్పటి మొహం మీంచి తీశాడు. తర్వాత —

"అనుమానపడ్డావు. పడాల. నేను సేసింది తక్కువేటి?"

అంతే. మళ్ళీ దుప్పటి కప్పుకున్నాడు.

కొట్టినా బాగుండేది.

నవంబర్ 22

డాక్టరమ్మ దగ్గరికి. నిజం చెప్పాను. ఆవిడ రిపోర్టులు రెండూ పక్కపక్కన పెట్టి చూసింది.

"ఆప్‌నే బతాయా నహీ థా?" మీరు ఆయనకి చెప్పలేదా అని.

బతాయా థా. తెలుగు మే. చెప్పాను, తెలుగులో.

జోక్ అనుకుని నవ్వింది. నా మొహం చూసి ఆపేసింది.

ఇప్పుడు లెక్క చెడిందట. గోలీ వల్లనా, ఆయన సొంతమా — అప్పుడే ఆపి ఉంటే తెలిసేది. ఇప్పుడు ఇంతగా మందగించాక థైరాయిడ్ మాత్ర ఇవ్వకుండా ఉండలేం, అదిస్తే అంకె తగ్గుతుంది, గ్రంథి తనంతట తను లేస్తోందో మాత్ర లేపుతోందో తెలీదు. ముందు మనిషి కుదుటపడాలి. తర్వాత మాత్ర తగ్గించి చూడాలి. లేస్తే లేస్తుంది. లేవకపోతే — భుజాలు ఎగరేసింది.

ఆ నెల రోజులు నష్టం చేశాయా అని అడిగాను. చెప్పలేను అంది. ఓదార్చడానికి అబద్ధం చెప్పే మనిషి కాదు. అది మంచిదే. అయినా చెప్పి ఉంటే బాగుండు అనిపించింది.

నవంబర్ 27

మెడికల్ షాపుకెళ్ళాను. ఖాళీ రేకు వాడి బల్ల మీద కొట్టాను. చీటీ లేకుండా నెలల తరబడి ఎలా ఇచ్చావు? వాడు — "చీటీ అడిగితే మీరే తిడతారు భయ్యా. పక్క షాపుకి పోతారు." గుంపు చేరింది. ఇంకా అరిచాను. అరుస్తుంటే మధ్యలో గుర్తొచ్చింది, జూలైలో ఆ కాగితం వెనకవైపు నేను చదవలేదని.

ఇంటికొచ్చి వెతికాను. దొరికింది. వెనకవైపు ఉంది — ఎక్కువ రోజులు వాడకూడదని, డాక్టరు చూస్తూ ఉండాలని. థైరాయిడ్ మాట లేదు. ఉన్న మాట చాలు.

నవంబర్ 29

సాహూ దగ్గరికెళ్ళాను. చెప్పాను మొత్తం. కాలర్ విషయం కూడా.

"మయ్ తో పూఛే రహేవ్ గా" అన్నాడు. నేను అడిగానంతే కదా అని. మిల్లులో అందరికీ తనే చెప్తాడట, కాకాది జబ్బు, తాగుడు కాదు అని. వాడు చెప్తాడు, వాళ్ళు నమ్ముతారు. కొడుకే నమ్మలేదని కూడా చెప్పు అన్నాను. అది చెప్పనన్నాడు. బీడీ ఇచ్చాడు.

డిసెంబర్ 14

నాన్న ఇనుప పొట్టు ఊడుస్తున్నాడు. మొహం వాపు తీసింది కొంచెం. నాతో మాటలు — ఊఁ. ఆఁ. అన్నం.

డిసెంబర్ 30

ఈ రోజు చొక్కా ఎత్తి అద్దంలో నడుం చూసుకున్నాడు. తామర వాడిపోతోంది, పైపూతకే. ఏదో అంటాడనుకున్నాను, పువ్వుల మాట. అనలేదు.

జనవరి 6

నిన్న అందరికీ స్వెటర్లు. సేఠ్ కూడా మఫ్లర్ చుట్టుకొచ్చాడు. నాన్న ఒట్టి చొక్కాతో పనికెళ్ళాడు. అమ్మ స్వెటర్ పట్టుకుని గుమ్మం దాకా వెంటపడింది. వొద్దన్నాడు. చలి లేదట.

చలి లేదని ఒక మనిషి అంటే నాకు ఏడుపొచ్చింది. నీళ్ళ కుండ వెనక్కి వెళ్ళి నిలబడ్డాను.

జనవరి 12

పొద్దున రక్తం ఇచ్చొచ్చాం. రిపోర్టు రేపు. అంకె దిగి ఉంటే డాక్టరమ్మ చీటీ రాస్తుంది, ఆ చీటీతో సూపర్‌వైజర్ క్యాబిన్ ఎక్కనిస్తానన్నాడు. మాత్ర తగ్గించడం మొదలెట్టేదీ లేనిదీ రేపే. గ్రంథి తనంతట తను లేస్తుందో లేదో రేపు కూడా తెలీదు. ఎప్పటికి తెలుస్తుందో.

తోవలో నాన్న సైకిల్ మీద వెనక కూర్చున్నాడు. నాన్నా, ఆ రోజు ఊదమన్నాను కదా అని మొదలెట్టాను. ముందు సూడు, గొయ్యుంది అన్నాడు. గొయ్యి లేదు.

సాయంత్రం స్నానం చేసొచ్చి అల్మారా వెతికాడు. కిటికీలో వెతికాడు. పైపూత ట్యూబు కోసం. అది నా చొక్కా జేబులో ఉండిపోయింది, పొద్దున డాక్టరుకి చూపించాలని పెట్టుకున్నది.

"ఒరే సూరీ."

నెలల తర్వాత నా పేరు. గొంతు ఇంకా బొంగురే. కొంచెం తక్కువ బొంగురు.

"మందెక్కడ పెట్టినావురా?"

ట్యూబ్ అనలేదు. క్రీమ్ అనలేదు. దవాయి అనలేదు. మందు అన్నాడు, పక్కింటి దాకా వినపడేట్టు. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి తలెత్తి చూసింది. నేను ఆయన మొహం చూశాను. జోకో, ఎత్తిపొడుపో, పోనీలే అనో... ఉబ్బు పూర్తిగా తియ్యని మొహంలో ఏదీ తేలలేదు.

జేబులోంచి తీసి ఇచ్చాను. చెయ్యి చాపి తీసుకున్నాడు. మూత తీసి వాసన చూశాడు. నాకూ చూపించాడు, నా ముక్కు దగ్గర పెట్టి.